గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగితే

మా నాయనమ్మ దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన, అరచేతిలో ఇమిడేంత చిన్న రాగి చెంబు ఒకటి ఉండేది. మూతి చుట్టూ మాటు వేసి మూసేసిన ఆ చెంబును ఆవిడ 1991లో, గోదావరి పుష్కరాల ఏడు, త్ర్యంబకం వెళ్లి తెచ్చుకుంది. మా ఇల్లు ధవళేశ్వరంలో. పెరటి తలుపు తీసి ఏటిగట్టు ఎక్కితే ఎదురుగా గోదావరే. అంత గోదావరిని పెరట్లో పెట్టుకుని, రైళ్లు మారి మారి వెళ్లి, అదే గోదావరిని గుప్పెడు చెంబులో మోసుకొచ్చినందుకు తాతగారు ఆవిడను చాలాకాలం ఆటపట్టించారు. "కాస్త ఓపిక పడితే ఆ నీళ్లే నడుచుకుంటూ మన గుమ్మంలోకి వచ్చేవి కదా" అనేవారు. "పుట్టిన చోటి నీళ్లు వేరండీ" అని నాయనమ్మ ఒక్క ముక్కతో తేల్చేసేది. 1998లో ఆవిడ పోయేముందు మాటు విప్పించి, తులసి దళంతో ఆ నీళ్లే గొంతులో పోశాం.

వాళ్లిద్దరి వాదనలో గెలుపు ఎవరిదన్నది తేల్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. చివరికి తేలిందేమిటంటే, తాతగారు లెక్కలో ఓడిపోయారు, నాయనమ్మ భూగోళంలో ఓడిపోయింది. ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

"గోదావరి నది మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, పడమటి కనుమలలో పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది" అనే వాక్యాన్ని బడిలో వల్లె వేయని తెలుగువాడు ఉండడు. ఆ వాక్యంలో తప్పు లేదు. కానీ అది ఒక నది గురించి చెబుతున్నట్టు కనిపిస్తూ నిజానికి ఒక పేరు గురించి చెబుతుంది. గోదావరి అన్న పేరు త్ర్యంబకంలో పుట్టింది. రాజమండ్రి దగ్గర మన కళ్ల ముందు పోయే నీరు ఎక్కడ పుట్టిందన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల మనకు తెలియకుండానే చాలా నష్టం జరుగుతోందని నా వాదన.

ముందు త్ర్యంబకం సంగతి. ఊరి వెనక బ్రహ్మగిరి నల్లరాతి గోడలా నిలబడి ఉంటుంది. ఏడువందలకు పైగా మెట్లెక్కితే గంగాద్వారం. అక్కడ రాతిలో చెక్కిన గోముఖం నుంచి నీరు ధార కట్టదు, బొట్టుబొట్టుగా రాలుతుంది. నేను వెళ్లినప్పుడు నా ముందు నిలబడిన పెద్దాయన దోసిలి పట్టి, అది నిండేదాకా కదలలేదు, వెనక వరుస గొణుగుతున్నా పట్టించుకోలేదు. ఇంత చిన్న చుక్కలో నుంచి అంత పెద్ద ఏరు వస్తుందా అని ఆశ్చర్యపడటానికే అక్కడికి జనం వెళతారు, నేనూ అందుకే వెళ్లాను. కొండ పైన మూలగంగ, నడుమ గంగాద్వారం, ఊళ్లో కుశావర్తం. గౌతముడు తెచ్చిన గంగ కనిపిస్తూ మాయమవుతూ పోతుంటే దర్భలతో అడ్డుకట్ట వేసి ఆపిన చోటే కుశావర్తమని స్థలపురాణం. పగుళ్లు నిండిన బసాల్టు కొండ మీద ఈ పురాణం భూగర్భశాస్త్రానికి పెద్ద దూరంలో లేదు. వాన నీరు పైన ఇంకి, పొరల మధ్య పాకి, కింద ఊటగా బయటపడుతుంది కాబట్టి నిజంగానే నది కనబడుతూ మాయమవుతూ దిగుతుంది. ఆ తరువాత చూసినదే మనసుకు పట్టలేదు. ఊళ్లోకి వచ్చాక నది కాంక్రీటు పలకల కిందికి పోతుంది. దాని మీదుగానే నడిచి, దాని గురించే అడిగాను. కొట్టు ముందు నిలబడ్డ కుర్రాడు నా కాళ్ల కిందికి చూపించాడు.

అదే కొండలలో పడమటి వైపు జారిన నీరు వైతరణ నది అవుతుంది. అది ముంబయి కుళాయిలకు కొంత ఇచ్చి అరేబియా సముద్రంలో కలుస్తుంది. త్ర్యంబకం నుంచి ఆ సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం వల్ల మాత్రమే మన గోదావరి అంత దగ్గరి సముద్రానికి వీపు చూపి, దేశానికి అడ్డంగా నడుస్తుంది. అయితే ఆ వాలుకు ఒక మూల్యం ఉంది. నైరుతి రుతుపవనాల వాన కనుమల అంచునే దించేసి పోతుంది. త్ర్యంబకంలో కుండపోత, ముప్ఫై కిలోమీటర్ల అవతల నాసిక్‌లో దానిలో చిన్న భాగం, ఇంకా తూర్పుకు మరాఠ్వాడాలో కరవు. పుట్టిన నది పుట్టిన వెంటనే వాననీడలోకి అడుగుపెడుతుంది.

ఆపైన మనుషుల చేయి ఉంది. నాసిక్‌కు ఎగువన గంగాపూర్ ఆనకట్ట, ఉపనదుల మీద మరికొన్ని, వీటన్నిటికీ దిగువన పైఠణ్ దగ్గర 1976లో పూర్తయిన జాయక్‌వాడి. ఆ పైఠణ్ శాతవాహనుల ప్రతిష్ఠానపురమే, కాబట్టి అక్కడ నిలబడితే మనకు కొంచెం చుట్టరికం గుర్తుకొస్తుంది. దాని జలాశయం సుమారు 102 టీఎంసీలది (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). చాలా ఏళ్లు అది నిండదు, నాసిక్ వాళ్లూ మరాఠ్వాడా వాళ్లూ ఆ నీటి కోసం కోర్టులకెక్కుతుంటారు. 1980లో గోదావరి జలాల ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పులో, అంతకుముందు రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం, పైఠణ్ దాకా ఉన్న గోదావరి నీరంతా మహారాష్ట్ర వాడుకోవచ్చని ఉంది. అంతా, అంటే అక్షరాలా అంతా. పెద్ద వరద వచ్చి గేట్లెత్తిన ఏళ్లలో తప్ప, త్ర్యంబకంలో రాలిన బొట్టు తెలుగు నేల మీదికి రావాలన్న నియమం ఏ కాగితంలోనూ లేదు.

తాతగారు లెక్కలో ఓడిపోయారన్నది ఇందుకే. ఓపిక పట్టి కూర్చున్నా ఆ నీళ్లు నడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చేవి కావు. త్ర్యంబకం నీరు ధవళేశ్వరానికి ఖాయంగా చేరే దారి ఒక్కటే, నాయనమ్మ పట్టుకొచ్చిన దారి.

మరి మా పెరటి వెనక పోయే నీరు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు కాళేశ్వరంలో కంటితో చూడవచ్చు. మేడిగడ్డ బ్యారేజీ రాకముందు, 2017 మే నెలలో, నేను ఆ సంగమం ఒడ్డున నిలబడ్డాను. ఎడమన త్ర్యంబకం నుంచి కందకుర్తిలో మంజీరను, దిగువన కడెంను, మానేరును కలుపుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి వచ్చిన గోదావరి. దాని ఇసుకలో మేకలు నడుస్తున్నాయి. ఎదురుగా ప్రాణహిత. మే నెలలో కూడా మోకాటి లోతుకు తగ్గని నీరు, కదులుతున్న నీరు. రెండూ కలిసిన చోట నుంచి దిగువకు పోయేదాన్ని మనం గోదావరి అంటాం. నీరు ఒకరిది, పేరు ఇంకొకరిది. ఆ ఊరి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, కాళేశ్వరుడు ఒకటి, ముక్తీశ్వరుడు ఒకటి. ఆ సంగమానికి అంతకన్నా సరైన గుడి కట్టలేరు.

అంకెలు చూద్దాం. గోదావరి పరీవాహక ప్రాంతం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అందులో ప్రాణహిత ఒక్కదానిదే 1,09,078, అంటే మూడో వంతుకు పైగా. నీటిలో దాని వాటా అంతకన్నా ఎక్కువ. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మూడూ కలిసి గోదావరి నీటిలో సగం కన్నా చాలా ఎక్కువ తెస్తాయి. ఇంత పెద్ద ప్రాణహిత ఆ పేరుతో నడిచేది మాత్రం 113 కిలోమీటర్లే. తుమ్మిడిహట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిశాకే దానికి ఆ పేరు.

ఇక్కడ త్ర్యంబకం తరఫు వాదన కూడా న్యాయంగా చెప్పాలి. నది పుట్టుకను సముద్రం నుంచి అతి దూరాన ఉన్న చివరతో కొలిచేవాళ్లు చాలామంది. ఆ కొలతకు త్ర్యంబకమే నిలుస్తుంది. కాళేశ్వరం నుంచి ఎగువకు కొలిస్తే వైన్‌గంగ దారి త్ర్యంబకం దారి కన్నా పొట్టిదే. నీటి పరిమాణాన్ని బట్టి పేరు పెట్టాలంటే ప్రపంచంలో సగం నదుల పేర్లు మార్చాలి. దేవప్రయాగలో కలిసి గంగ అయ్యే రెంటిలో భగీరథి కన్నా అలకనంద పెద్దది, అయినా గంగ పుట్టుక అనగానే అందరి వేలూ భగీరథి పుట్టే హిమాలయాల గోముఖం వైపే చూపిస్తుంది. అమెరికాలో ఒహాయో నది మిసిసిపీలో కలిసే చోట మిసిసిపీ కన్నా ఎక్కువ నీరు తెచ్చి కూడా తన పేరు వదులుకుంటుంది. పేర్లు జనం పెట్టుకున్నవి, వాటితో నాకు పేచీ లేదు. పుట్టుక చెప్పమన్నప్పుడు ఒక్క వేలే చూపించడంతోనే నా పేచీ.

ఈ పేచీ నాకు పుస్తకాల్లో పట్టలేదు, వంటింటి కుళాయిలో పట్టింది. ఉద్యోగరీత్యా నాగ్‌పూర్‌లో ఎనిమిదేళ్లు ఉన్నాను. గోదావరి ఒడ్డున పుట్టి, ఏరు లేని ఊళ్లో పడ్డానని అమ్మతో ఫోనులో వాపోయేవాణ్ని. అమ్మ వచ్చినప్పుడల్లా రెండు లీటర్ల సీసాలో రాజమండ్రి పుష్కరఘాట్ నీళ్లు తెచ్చి, నా స్నానం బకెట్టులో ఒక మూత పోసేది. ఒకనాడు నీటి సరఫరా లేదన్న ప్రకటన చదువుతుంటే పెంచ్ జలాశయం పేరు కనిపించింది. పటం తీసి చూస్తే, పెంచ్ కన్హాన్‌లో కలుస్తుంది, కన్హాన్ వైన్‌గంగలో, వైన్‌గంగ ప్రాణహితగా మారి కాళేశ్వరంలో గోదావరిలో. ఎనిమిదేళ్లుగా నేను స్నానం చేస్తున్నదీ, కాఫీ పెట్టుకుంటున్నదీ గోదావరి నీళ్లతోనే. అమ్మ గోదావరిలో గోదావరి కలిపి నాకు పోస్తూ వచ్చింది. ఈ ముచ్చటకు ఇంకో ముఖం ఉంది, అది చెప్పకపోతే బాగుండదు. మా అపార్టుమెంటు మురుగు నాగ్ నదిలోకి పోయేది, అదీ కన్హాన్ దారినే వైన్‌గంగకు చేరుతుంది. అంటే గోదావరికి నేనూ ఒక జన్మస్థానమే, అంత గొప్పగా చెప్పుకోదగ్గది కాకపోయినా.

ఆ వారమే రైలెక్కి ముల్తాయి వెళ్లాను. నాగ్‌పూర్ నుంచి ఇటార్సీ వైపు పోయే దారిలో, మధ్యప్రదేశ్ బేతుల్ జిల్లాలో, సాత్పురా మిట్ట మీద ఉన్న చిన్న పట్టణం అది. ఊరి నడుమ పెద్ద కోనేరు, చుట్టూ గుళ్లు, మెట్లు, పూల కొట్లు. అది తాపీ నది జన్మస్థానం, ఊరి పేరే ములతాపి నుంచి వచ్చింది. తాపీ అక్కడ పుట్టి పడమటికి, సూరత్ వైపు పోతుంది. అదే తాలూకాలో, సుమారు 777 మీటర్ల ఎత్తున, వార్ధా పుట్టి తూర్పుదక్షిణంగా మన వైపు దిగుతుంది. వార్ధా ఎక్కడని అడిగితే పూలమ్మే ఆవిడ కోనేరు చూపించింది, అది తాపీ కదా అంటే, "అది పొలాల్లో ఉంటుంది, అక్కడ చూడటానికేముంది" అంది. ఆటోవాడు నన్ను తీసుకెళ్లి ఒక కల్వర్టు దగ్గర దించాడు. సోయాబీను చేల మధ్య గడ్డి పెరిగిన పల్లం, అందులో చేతివెడల్పు నీటి జాడ, ఒక గేదె దూడ. అదే వార్ధా మొదలో, దాని వైపు పోయే ఏదో పిల్లకాలువో, తేల్చి చెప్పేవాళ్లు అక్కడ లేరు. గుడీ లేదు, బోర్డూ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా దూకే నీటిలో పెద్ద వాటాకు మొదలు ఇలాంటి పల్లాలే. వాటి దగ్గర ఎవరూ దోసిలి పట్టరు. నాయనమ్మ భూగోళంలో ఓడిపోయింది ఇక్కడే.

వైన్‌గంగదీ సాత్పురాయే, సివనీ జిల్లాలో ముండారా అనే ఊరు. ఇక తూర్పు వైపు వెళితే ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, జగదల్‌పూర్ దాటి, చిత్రకోట దగ్గర జలపాతమై దూకి, బస్తర్ అడవుల గుండా 535 కిలోమీటర్లు నడిచి గోదావరిలో పడుతుంది. శబరి కోరాపుట్‌లో కొలాబ్ అన్న పేరుతో మొదలై, సీలేరును కలుపుకుని కూనవరం దగ్గర వచ్చి చేరుతుంది. గోదావరి వరద తగ్గుముఖం పట్టాక కూడా భద్రాచలం, కూనవరం మనుషులు "శబరి పోటు ఎలా ఉంది" అని అడుగుతారు, ఎందుకంటే శబరి నిండుగా ఉంటే పైనీరు కిందికి జారదు, వెనక్కి ఎగదన్నుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూశాం. అటువంటి రాత్రుల్లో ఎవరూ నాసిక్‌లో వాన ఎంతని ఆరా తీయరు. కేంద్ర జల సంఘం లెక్కల్లో ప్రాణహిత మీది టేక్రా, ఇంద్రావతి మీది పాతగూడెం, శబరి మీది కొంటా ఏం చెబుతున్నాయో చూస్తారు. లంకల్లో పశువులను గట్టు మీదికి తోలాలా వద్దా అనేది ఆ అంకెలు తేలుస్తాయి. అంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన గోదావరి ఎక్కడ పుడుతుందో మనకు బాగానే తెలుసు.

ఆ వానల పుట్టుక ఇంకా చిత్రం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఒడిశా తీరం దాటి, బస్తర్, విదర్భల మీదుగా వాయవ్యంగా నడిచినప్పుడే ఈ మూడు నదులూ ఒక్కసారిగా పొంగుతాయి. అంతర్వేది దగ్గర గోదావరి ఏ సముద్రంలో కలుస్తుందో ఆ సముద్రపు తేమే, ఒడ్డెక్కి కొండలెక్కి, తిరిగి గోదావరిగా దిగుతుంది.

పుట్టుకలు ఇన్ని అంటే మన సంప్రదాయానికి చేటు అని ఎవరైనా అనుకుంటే వారికి రెండు సంగతులు గుర్తుచేస్తాను. మొదటిది సప్తగోదావరి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ వంటి పాయలుగా చీలి ఋషుల పేర్లతో సముద్రానికి పోతుందని మనం కొలుస్తాం, ద్రాక్షారామంలో కోనేటికి కూడా సప్తగోదావరి అనే పేరు. చివరికి ఏడు నోళ్లు ఒప్పుకున్నవాళ్లం మొదటికి ఒక్క నోరే అని పట్టుబట్టడం ఎందుకు? పైగా గౌతముడి గోవు కథను మనం త్ర్యంబకానికే వదిలేయలేదు, కొవ్వూరు గోష్పాద క్షేత్రంలోనూ నిలుపుకున్నాం. రెండోది పుష్కరాలు. బృహస్పతి పన్నెండు రాశుల్లో తిరుగుతుంటే పన్నెండు నదులకు పుష్కరాలు వస్తాయి. గంగ, నర్మద, కృష్ణ, కావేరి వంటి మహానదుల వరుసలో మీనరాశికి వచ్చేది ప్రాణహిత. 2022 ఏప్రిల్‌లో జరిగాయి. 113 కిలోమీటర్ల నదికి మహానదులతో సమానంగా పీట వేసినవాళ్లకు ఆ నీటి బరువు తెలియకుండా ఉండదు. మన బడి పుస్తకం కన్నా మన పంచాంగం ఈ విషయంలో ఎక్కువ భూగోళం చదువుకుంది.

నష్టం జరుగుతోందని మొదట్లో అన్నాను. అది ఏమిటంటే, పుట్టుక అని దేన్ని నమ్ముతామో దాని మీదే మన కాపలా ఉంటుంది. 2010లో, శ్రీరాంసాగర్‌కు ఎగువన గోదావరిపై మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద మన రాజకీయాలు రోజుల తరబడి మండిపోయాయి. 2013లో సుప్రీంకోర్టు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలని చెప్పేదాకా ఆ పేరు పత్రికల్లో నలుగుతూనే ఉంది. దాని సామర్థ్యం 2.74 టీఎంసీలు. శ్రీరాంసాగర్ ఆయకట్టు రైతుకు అది ప్రాణసమస్య, కాదనను. కానీ అదే కాలంలో వైన్‌గంగ మీద సుమారు 40 టీఎంసీల గోసీఖుర్ద్ ఆనకట్ట లేచి నిలబడింది, దాని పేరు పలకగలిగిన తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ నీటిని నల్‌గంగ వైపు, పశ్చిమ విదర్భకు మళ్లించే పథకం గురించి విన్నవాళ్లు ఇంకా తక్కువ. ఇంద్రావతి సంగతి మరీ విడ్డూరం. దాని తలను ఒడిశాలో జలవిద్యుత్తు కోసం మహానది పరీవాహకంలోకి తిప్పారు. ఇంకాస్త దిగువన జగదల్‌పూర్ ఎగువ నుంచి జోరా నాలా అనే వాగు దాని నీటిని శబరి వైపు లాగుతోందని ఛత్తీస్‌గఢ్ గోల పెడుతుంది. ఎండాకాలంలో చిత్రకోట సన్నని తీగలా మారిన బొమ్మలు చూసి మనం అయ్యో అనుకుంటాం, అది మన డెల్టా కాలువకు చెందిన వార్త అని గుర్తించం. పొరుగు రాష్ట్రాలు తమ వాటా వాడుకోవడం నేరమేమీ కాదు, తీర్పు వారికి హక్కు ఇచ్చింది. తమ నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూపమంటే పటం మీద తప్పు మూలకు వేలు పెట్టే జాతి, ఆ హక్కుల లెక్క ఎవరు ఎప్పుడు మారుస్తున్నారో కనిపెట్టలేదన్నదే నా బాధ.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. అమ్మ త్ర్యంబకం వెళదామంటోంది, అత్తగారు తెచ్చినట్టు చెంబు తెచ్చుకోవాలని ఆవిడ కోరిక. సరే అన్నాను. దారిలో ముల్తాయి, ముండారా కూడా చూపిస్తానని, వీలైతే జగదల్‌పూర్ దాకా వెళదామని చెప్పి, పటం ముందు పెట్టి ఇదంతా వివరించాను. నాగ్‌పూర్ బకెట్టులో మూత నీళ్ల సంగతి వచ్చేసరికి నవ్వి, "అయితే నాలుగు చెంబులు కావాలన్నమాట" అంది. కాసేపటికి వంటింట్లోంచి మళ్లీ కేకేసింది: "చెంబులంటే దొరుకుతాయి గానీ, ఇప్పుడు మాటు వేసేవాళ్లు ఎక్కడున్నారురా?"